నాలుగు పావుల పలక

పలకల గది దినచర్య, ఏడో లంక. లంకలు నీటి మీద తేలిన యాభై ఎనిమిదో ఏడు, మార్గశిర బహుళం. రాస్తున్నది పలకాధికారిణి హైమవతి.

పాడ్యమి

మంచు వలల కింది తొట్టిలో పదకొండు లోటాల నీరు పడింది. నిన్నటికన్నా రెండు తక్కువ. ఎనిమిది నాకు, మూడు పలకలకు. పలకలను సముద్రపు నీటితో తుడవకూడదన్నది నా నియమం. ఆ నియమం కోసం నేను నాలుక పిడచగట్టి పడుకున్న రోజులున్నాయి. అయినా గాజు అంచుల్లోకి ఉప్పు తెల్లగా దిగుతోంది. మరో రెండేళ్లు పోతే సూదిమొనతో చెక్కిన గుర్తులు భూతద్దంలో కూడా కనబడవు.

అందుకని పలకలన్నిటినీ కొత్త గాజు మీదికి ఎక్కించాలని సభ తీర్మానించింది. గాజు కొండపల్లి కొండ మీది బట్టీ నుంచి పడవలో రావాలి. ఎంత కావాలో తెలియాలంటే ఒక్కొక్క పలక మీద ఎన్ని చదరంగం స్థితులు, వాటి ఫలితాలు చెక్కాలో తెలియాలి. ఆ లెక్కను నేను సరిచూసి, అమావాస్యలోగా సంతకం చేయాలి.

మధ్యాహ్నం సభ కార్యదర్శి బుల్లబ్బాయి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి చెప్పులు విడిచాడు. వినయం అతని దగ్గర ఎప్పుడూ ఇస్త్రీ చేసి సిద్ధంగా ఉంటుంది.

"అమ్మగారూ, తమరికి డెబ్బై ఆరు నిండాయండి. డెబ్బై అయిదు దాటినోళ్లు సంరక్షణ నావ ఎక్కాలని తీర్మానం ఉందండి. పదవిలో ఉన్నోళ్లకి మినహాయింపనుకోండి."

"నేను పదవిలోనే ఉన్నాను."

"ఆయ్, ఉన్నారండి. లెక్క సరిపోయి సంతకం పడితే ఇంకో అయిదేళ్లు ఉంటారండి. సరిపోకపోతే మాత్రం..." అని నావ వైపు చూశాడు. "అక్కడా బాగానే ఉంటదండి. పొద్దున్నే వేడి జావ ఇత్తారు. కాళ్లు పిసుకుతారండి."

"నా కాళ్లు ఎవరూ పిసకనక్కరలేదు. నిలబడడానికి పనికి వస్తున్నాయి."

అతను నవ్వి వెళ్లిపోయాడు. సంరక్షణ నావలో గదులు లేవు, తెరలున్నాయి. తలుపుకు లోపలి గడియ ఉండదు. ఈ గదిలో నేను ముప్పై తొమ్మిదేళ్లుగా ఒంటరిగా ఉంటున్నాను. లోపలి గడియ నేనే బిగించుకున్నాను.

తదియ

రెండో లంకకూ అయిదో లంకకూ మంచు వలల గుంజల గురించి తగాదా. తేల్చుకోవడానికి మూడు రోజులు చదరంగం ఆడారు. ఈ ఉదయం బల్ల మీద నాలుగు పావులు మిగిలాయి. ఆచారం ప్రకారం ఆటగాళ్లిద్దరూ చేతులు వెనక్కు కట్టుకుని లేచారు. బల్ల మీద తెల్లగుడ్డ కప్పి నా గదికి మోసుకువచ్చారు. నాలుగు పావుల తరువాత మనిషి ఆడడు, పలక చెబుతుంది. ఒకరి పడవలు ఒకరు కాల్చుకున్న రోజులను చూసినవాళ్లు పెట్టిన ఆచారం ఇది. పలక చెప్పాక ఇంకొక మాట లేదు.

తెలుపుకు రాజు, ఏనుగు. నలుపుకు రాజు, గుర్రం. బల్లను నాలుగు వైపులకూ తిప్పి, అద్దంలో కూడా చూసి, తెల్లరాజు ఒక మూలన పది గళ్ల ముక్కోణంలోకి వచ్చేదాకా సర్దాను. ఆ రూపమే పలక మీద ఉంటుంది. మిగిలిన ఏడు రూపాలూ దాని నీడలు. పలక "సమం" అంది. గుంజలు చెరి సగం.

గాజు కోసే పనికి కొండ నుంచి వచ్చిన నాంచారి పక్కనే నిలబడి చూసింది. ముప్పై అయిదేళ్ల మనిషి. చిన్న లెక్కల యంత్రాన్ని సంచిలో వేసుకుని తిరుగుతుంది. కొత్త పలకల లెక్క మొదట వేసేది ఆమె, సరిచూసేది నేను.

"ఎనిమిది రూపాలు ఒకటే అయితే అన్నిటినీ ఎనిమిదితో భాగిస్తే పోద్ది కదమ్మగోరూ?"

"భాగించి చూడు. ఇద్దరు రాజులు ఒకరికొకరు తగలకుండా నిలవగల తీరులు మూడు వేల ఆరు వందల పన్నెండు."

వేళ్ల మీద ఏదో లెక్క వేసి తల గోక్కుంది. "నాలుగొందల యాభై ఒకటిన్నర. సగం బల్ల యాడుంటదండీ?"

ముచ్చట వేసింది. మా తరగతిలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఇద్దరు రాజులూ ఒకే ఐమూల గీత మీద నిలిచినప్పుడు బల్లను ఆ గీత మీద మడిచినా మారదని, అటువంటి బల్లలకు నీడలు ఎనిమిది ఉండవు, నాలుగే ఉంటాయని చెప్పాను. రెండు గీతల మీదా కలిపి అటువంటివి ఎనభై నాలుగు. వాటిని చేర్చి భాగిస్తే నాలుగు వందల అరవై రెండు. సగం లేదు.

"మరి బంట్లుంటే?"

"బంటు ముందుకే నడుస్తుంది. బల్లను తిప్పితే దానికి దారి తప్పుతుంది. అప్పుడు కుడి ఎడమలు మార్చే అద్దం ఒక్కటే చెల్లుతుంది."

"పాపం," అంది నాంచారి, బంటును చూసి.

పంచమి

మంచు వలలో రెండు చోట్ల చిరుగు. కుట్టుకున్నాను. నాంచారి సాయం వస్తానంటే వద్దన్నాను. దారం ఎక్కించడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

బంటు ఉన్న రాజుకు ఎదురుగా బంటు ఉన్న రాజు: ఆ పలకల దగ్గర లెక్క చెడింది. నా పుస్తకంలో ఉన్నదానికి నాంచారి యంత్రం దాదాపు రెట్టింపు చూపిస్తోంది.

"నువ్వు అద్దాన్ని మరచిపోయి ఉంటావు," అన్నాను.

"మరవలేదండి. మూడుసార్లు ఏశాను."

"అయితే నాలుగోసారి వెయ్యి."

"యంత్రానికి అబద్ధం సెప్పటం రాదు కదమ్మగోరూ."

"నిజం చెప్పడమూ రాదు. అడిగినదానికి జవాబిస్తుంది, అంతే. నువ్వు ఏం అడిగావో అది చూసుకో."

మొహం ముడుచుకుని వెళ్లింది. నేను కటువుగా మాట్లాడాను. ఆ పలకల మీద ఎవరైనా వేలు పెడితే నాకు అలాగే వస్తుంది. అవి నావి.

తేలిన పంతొమ్మిదో ఏట పెద్ద లెక్కల యంత్రం ఉప్పు తిని చనిపోతున్న రోజులు. అది చివరిగా లెక్కించి ఇచ్చిన స్థితులన్నీ చెక్కడానికి గాజు చాలలేదు. అప్పుడు నాకు ముప్పై ఏడు. కొండపల్లిలో, నీళ్లకు పైన మిగిలిన కాలేజీలో గణితం ఎమ్మెస్సీ చదివిన నలుగురిలో బతికి ఉన్నది నేనొక్కదాన్నే. రెండు వైపులా బలం సమానంగా ఉన్న ఆటల్లో ఇంకొక అద్దం ఉందని సభకు చూపించాను. బల్లకు ఈ పక్క నుంచి లేచి ఆ పక్కకు వెళ్లి కూర్చుంటే నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది. కాబట్టి రెండు బల్లల్లో ఒకటి చెక్కి, పేరు మార్చి చదువుకుంటే చాలు. సగం గాజుతోనే సరిపోయింది. సభలో లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఈ గది ఆ రోజు ఇచ్చినదే.

సప్తమి

నీరు తొమ్మిది లోటాలు. పలకలకు రెండే మిగిలాయి.

నాంచారి నాలుగోసారీ అయిదోసారీ వేసింది. అదే సంఖ్య. నేను కాగితం మీద మొదటి నుంచి మొదలుపెట్టాను. రోజుకు ఆరు గంటలు కూర్చుంటే నడుము పట్టేస్తోంది.

బుల్లబ్బాయికి కబురు ఎలా చేరిందో గాని, చేరింది. ఈసారి లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"తమరెందుకండి ఇంత కష్టపడతం? పాత సంఖ్యకే సంతకం పెట్టేయండి. ఉన్న గాజు దానికే సరిపోద్దండి. ఆ పిల్ల యంత్రంలో ఏదో నలుసు పడిందని నేను సభలో చెప్తానండి."

"నలుసు పడిందని మీకు తెలుసా?"

"తెలుసుకోటం దేనికండి? ముప్పై తొమ్మిదేళ్లు నడిచిన పలక. ఎవరన్నా వేలెత్తి చూపారా అండి?"

ఒకరు చూపారు. ఆ మాట నేను అనలేదు, అతనూ అనలేదు. అతను బల్ల వైపు ఒకసారి చూసి, చెప్పులు వేసుకుని వెళ్లాడు.

నవమి

దొరికింది.

నాంచారి సంఖ్య నా సంఖ్యకు సరిగ్గా రెట్టింపు అయి ఉంటే నేను ఇంకొక నెల వాదించేదాన్ని. రెట్టింపుకు రెండు వేల పైచిలుకు తక్కువ ఉంది. ఆ తక్కువ ఎక్కడిదా అని వెతికాను. అవన్నీ ఆ పక్కకు వెళ్లి కూర్చున్నా మారని బల్లలు, అద్దంలో తమనే తాము చూసుకునేవి. అంటే తప్పు యంత్రంలో లేదు, నా అద్దంలోనే ఉంది. వాటిలో ఒకదాన్ని బల్ల మీద పెట్టి చూశాను.

ఒకే నిలువు వరుసలో రెండు బంట్లు. ఒకదాన్నొకటి దాటిపోయాయి. తెల్లబంటు ఇంకొక్క అడుగు వేస్తే మంత్రి అవుతుంది, నల్లబంటూ అంతే. రాజులు దూరంగా, ఎదురెదురుగా. నా పలక మీద "తెలుపు గెలుపు" అని ఉంది. నా అద్దం ప్రకారం ఈ బల్లకు నీడ ఈ బల్లే. కనుక పేరు మార్చి చదివితే "నలుపు గెలుపు" అని కూడా రావాలి. ఒకే బల్ల మీద ఇద్దరూ గెలవరు.

గెలిచేది ఎవరు? ముందు కదిలేవాడు. ముందు మంత్రి అయినవాడు రెండోవాడి మంత్రిని పుట్టగానే తినేస్తాడు.

ఈ పక్క నుంచి లేచి ఆ పక్కన కూర్చున్నప్పుడు పావులతో పాటు ఎత్తు, అంటే ముందు కదిపే వంతు, కూడా చేతులు మారాలి. నేను రంగు మార్చాను, దిక్కు మార్చాను, ఎత్తు ఎవరిదో మార్చడం మరచిపోయాను. గాజు సగానికి తగ్గడానికి కారణం నా తెలివి కాదు. ఎత్తు ఎవరిదైనా ఒకటే అన్నట్టు రెండు బల్లలను ఒకటిగా కుట్టేశాను.

నాంచారిని పిలిచి చూపించాను. రెండు బంట్లనూ మార్చి మార్చి కదిపి చూసింది.

"శానా ఆటల్లో ఎవరు ముందు కదిలినా తేడా రాదుగా అమ్మగోరూ," అంది చివరికి.

"చాలా ఆటల్లో రాదు."

"అంటే ఇన్నేళ్లలో ఏదీ..."

"నువ్వు వెళ్లి పడుకో," అన్నాను. పట్టపగలు.

దశమి

పలక చదివిన ప్రతిసారీ ఒక తీర్పు పత్రం రాస్తాము. తీర్పు పత్రాలన్నీ దించాను. సమబలం ఉన్న బంట్ల ఆటలు ముప్పై తొమ్మిదేళ్లలో ఇరవై ఆరు. ఇరవై అయిదింటిలో ఎత్తు ఎవరిదైనా ఫలితం ఒకటే. ఒకటి మాత్రం కాదు. ఏదో నాకు పత్రాలు దించక ముందే తెలుసు.

ఇరవై ఏడో ఏడు. తీపినీటి రేవు కోసం మూడో లంక, తొమ్మిదో లంక. నదిలో మిగిలిన మంచినీటి పాయ సముద్రంలో కలిసేది ఆ రేవు దగ్గరే. అక్కడ లంగరు వేసిన లంకకు మంచు వలలు అక్కరలేదు, తుపానుకు చాటు కూడా ఉంటుంది. తెలుపు ఆడినది మూడో లంక తరఫున బుల్లబ్బాయి. అప్పుడు కుర్రవాడు. నలుపు తొమ్మిదో లంక వలకారి మోకా ఏసోబు. నల్లరాజు ఆఖరి తెల్లగుర్రాన్ని తిన్నాక నాలుగు పావులు మిగిలాయి. నడిబల్లలో రెండు బంట్లు తలలు ఆనించి నిలిచాయి. ఇద్దరు రాజులు చెరో పక్క, తన బంటును కాస్తూ, ఎదుటి బంటు మీద చూపు నిలిపి. ఎవరు కదిలితే వారి కాపు తప్పుతుంది. కదిలినవాడు ఓడతాడు. ఎత్తు తెలుపుది. ఆ సంగతి పత్రం మీద నా చేతిరాతతోనే ఉంది: "ఎత్తు: తెలుపు."

పలక "తెలుపు గెలుపు" అంది. నేను చదివాను.

ఏసోబు అరిచాడు. "ఎత్తు ఆళ్లది పంతులమ్మా! కదిలితే సచ్చేది ఆళ్లే! ఒక్కసారి బల్ల సూడు తల్లీ!"

అక్కడున్న ఎవరికీ అతను చెప్పినది అర్థం కాలేదు. నాలుగు పావుల తరువాత మేము ఎవరమూ ఆడము కదా, ఎలా అర్థమవుతుంది? ఆ విద్య ఒక్క తరంలోనే పోయింది. వాళ్ల ఇంట్లో తాతలు వలలు ఆరబెట్టుకుంటూ చివరిదాకా ఆడేవారట. నేను బల్ల వైపు చూడలేదు. "పలక మాట్లాడాక మనిషి మాట్లాడకూడదు," అన్నాను. ఆ వాక్యం బాగా అన్నానని ఆ రోజు నాకు అనిపించింది కూడా.

తొమ్మిదో లంకను బయటి కాలువకు లాక్కుపోయారు. ముప్పై మూడో ఏటి తుపానులో అక్కడ పదకొండు మంది పోయారు.

ఆచార పత్రంలో మొదటి పేజీలోనే ఒక నిబంధన ఉంది. పలక చదవడంలో తప్పు బయటపడితే ఆట లేచిన చోటే ఆటగాళ్లు మళ్లీ కూర్చోవాలి. చదివిన అధికారి గది ఖాళీ చేయాలి. ఇంతవరకు ఎవరికీ అక్కరపడలేదు. తప్పు బయట పెట్టవలసినది కూడా ఆ అధికారే. బయట పెట్టకపోతే ఇంకెవరికీ తెలియదు. నాంచారికి తప్పు తెలుసు, కాని ఈ పత్రం సంగతి తెలియదు.

ఈ రోజు తొట్టిలో నీళ్లు ఎన్నో చూడలేదు.

ద్వాదశి

తొమ్మిదో లంకకు ఒక్కదాన్నే వెళ్లాను. నాంచారి తెడ్డు పట్టుకోబోతే లాక్కున్నాను. పోను మూడు గంటలు, రాను నాలుగు. భుజాలు ఇప్పటికీ నావి కానట్టున్నాయి.

ఏసోబుకు ఎనభై దాటాయి; సంరక్షణ నావ బయటి కాలువ దాకా రాదు. కళ్లలో పొర కమ్మింది. చేత్తో తడుముతూ వల అల్లుతున్నాడు. పక్కన ఒక ముసలామె పీతలు ఒలుస్తోంది.

"ఎవరది?"

"పలకల గది హైమవతిని."

చేతులు ఆగలేదు. "పంతులమ్మా! కూకో. ఇక్కడ తడి లేని సోటు లేదు, నీకు అలవాటు లేకపోతే నిలబడు."

కూర్చున్నాను. చెప్పవలసినది దారి పొడుగునా వాక్యాలుగా కట్టుకుని వచ్చాను. అవన్నీ వదిలేశాను. "ఎత్తు తెలుపుది. మీరు చెప్పినదే నిజం," అన్నాను.

వల అల్లడం అప్పుడు ఆగింది.

"సూశావా?"

"చూశాను."

"ఇయ్యాళ సూశావా?"

"మూడు రోజుల కిందట."

"ముప్పై ఒక్కేళ్లు పట్టిందే, బల్ల వంక తల తిప్పటానికి," అన్నాడు. కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. "నా మెడ పట్టేస్తే మా ఆడది ఆముదం రాస్తే రెండ్రోజుల్లో తిరిగేది."

పీతలు ఒలిచే ముసలామె నవ్వలేదు. "పదకొండు మందిలో ఇద్దరు నా పిల్లకాయలు," అంది నాతో.  పీత డొప్పను చెంబు అంచుకు కొట్టి విరిచింది.

క్షమించమని అడగాలనుకుని, అడగలేదు. అడిగితే ఇవ్వవలసిన భారం వాళ్ల మీద పడుతుంది. ఆటకు మళ్లీ కూర్చోవలసి ఉంటుందని, కూర్చుంటారా అని మాత్రం అడిగాను.

"ఆ బుల్లోడు కూకుంటాడా?"

"ఆచారం ఉంది. కూర్చోవాలి."

"నువ్వు సంతకం పెడితే గదా ఆచారం." పొర కమ్మిన కళ్లు నా వైపే తిప్పాడు. "పెడితే నీ గది పోద్దంటగా. మా తాత సెప్పేవోడు ఆ కాయితం సంగతి."

"పోతుంది."

"మరి?"

"పొద్దుపోతోంది, నాకు ఎదురు పోటు," అని లేచాను. తెడ్డు వేస్తూ ఉండగా వెనక నుంచి అరిచాడు. "పంతులమ్మా! ఎడం సెయ్యి గట్టిగా ఎయ్యి, కాలవ కుడికి లాగుద్ది!"

చతుర్దశి

ఉదయం సభకు వెళ్లాను. కొత్త సంఖ్యకు సంతకం చేసి ఇచ్చాను. రెండో కాగితం మీద తప్పు ఏమిటో, ఎవరిదో, ఏ తీర్పు చెడిందో రాసి ఇచ్చాను. వ్యాకరణ దోషాలు లేకుండా రెండుసార్లు చూసుకున్నాను.

బుల్లబ్బాయి నన్ను పక్కకు పిలిచాడు. "తమరు పెద్దోరు, అలిసిపోయారండి. ఒక మాట అనుకుందాం. అది చదవటంలో తప్పు కాదండి, చెక్కటంలో తప్పు. పత్రంలో చదవటం అనే ఉందండి. గదీ పోదు, రేవూ పోదు."

అతను తెలివైనవాడు. ఆ సందు నాకూ కనబడింది, మొన్న దశమి నాడే.

"చెక్కినదీ నేనే, చదివినదీ నేనే," అన్నాను. "ఎదుట బల్ల ఉంది. ఒక మనిషి చూడమని అరిచాడు. చూడకపోవడం చదవడంలో తప్పే."

"మూడో లంకలో నాలుగొందల మంది ఉన్నారండి. వాళ్లంతా బయటి కాలవకి పోవాలాండి?"

  రేవులో రెండు లంకలు ఇమడతాయో లేదో కొలిచి చూడమన్నాను. ఇన్నేళ్లలో ఎవరూ కొలవలేదట. గెలిచినవాళ్లు ఉన్నాక కొలవడమెందుకని.

సాయంత్రం వస్తువులు సర్దుకున్నాను. ఒక పెట్టెలో సరిపోయాయి. నాంచారి వచ్చి గుమ్మం దగ్గర ఏడ్చింది.

"నేను తప్పు లెక్క ఏసున్నా బాగుండేదండి."

"నీ జీవితంలో ఇంత చెత్త మాట మళ్లీ అనకు," అన్నాను. ఆమెకు పలకలు తుడిచే పద్ధతి చూపించాను. తప్పిపోయిన సగానికి తీర్పులు ఆమె యంత్రం ఆరు నెలల్లో తేల్చగలదు. సముద్రపు నీరు ముట్టించకూడదు అన్నది ఒక్కటీ మూడుసార్లు చెప్పాను.

అమావాస్య

ఇది బల్ల పక్కనే కూర్చుని రాస్తున్నాను. సాయంత్రం పోటు వచ్చేదాకా నేను పలకాధికారిణినే.

సభ వేదిక మీద ముప్పై ఒక్కేళ్ల కిందటి ఆట పరిచాను. రెండు బంట్లు, ఇద్దరు రాజులు. తొమ్మిదో లంక నుంచి పద్నాలుగు పడవలు వచ్చాయి. ఏసోబును ఇద్దరు పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టారు. అతను పావులను ఒక్కొక్కటిగా వేళ్లతో తాకి, "ఆఁ, ఇక్కడే లేచాం," అన్నాడు.

బుల్లబ్బాయి ఎదురుగా కూర్చున్నాడు.

"ఎత్తు తెలుపుది," అన్నాను. 

అతను రాజు మీదికి చేయి చాచి, మళ్లీ వెనక్కు తీసుకున్నాడు.  "కదపకపోతే ఏమవుద్దండి?"

"కూర్చునే ఉండవలసి వస్తుంది."

"కూకోనీండమ్మా," అంది పీతల ముసలామె జనంలోంచి. "మేం కూకోలేదా ముప్పై ఒక్కేళ్లు!"

జనం నవ్వారు, మూడో లంకవాళ్లు కూడా కొందరు. బుల్లబ్బాయి నుదురు తుడుచుకున్నాడు. రాజును ఒక గడి పక్కకు జరిపాడు.

"యాడికి పోయాడు?" అన్నాడు ఏసోబు.

గడి పేరు చెప్పాను.

"అయితే ఈ బంటుని తింటన్నా." తడుముకుని తెల్లబంటును తీసి, తన రాజును అక్కడ పెట్టాడు.

మూడు పావులు మిగిలాయి. మోసేవాళ్లు ఇద్దరు తెల్లగుడ్డ పట్టుకుని ముందుకు వచ్చారు. బుల్లబ్బాయి చేతులు వెనక్కు కట్టుకుని లేచాడు. ఏసోబు లేవలేదు.

"లేవను పంతులమ్మా. పోయినసారి లేచే కదా పోగొట్టుకుంది. ఈసారి కడదాకా ఆడతా."

గుడ్డ నా చేతికి ఇచ్చారు. మూడు పావుల పలకలో తప్పు లేదు, నాకు తెలుసు. కప్పి, చదివి, "నలుపు గెలుపు" అని చెబితే అర నిమిషంలో అయిపోతుంది. ఆచారం అదే. అందరూ నా వైపు చూస్తున్నారు. గుడ్డను నాలుగు మడతలు పెట్టి ఒళ్లో పెట్టుకున్నాను.

"కూర్చోండి బుల్లబ్బాయి గారూ. ఆడండి."

జనం దగ్గరకు జరిగారు. వాళ్లలో ఎవరూ మూడు పావుల ఆటను కళ్లతో చూడలేదు. బుల్లబ్బాయి రాజును అటు జరిపాడు, ఇటు జరిపాడు. ఏసోబు బంటు రాజు వెనకనే నెమ్మదిగా, ఒక్కొక్క అడుగే దిగుతోంది. "రాజుని ముందెట్టాలిరా, బంటుని కాదు. ఇంటో ఆడోళ్లకైనా తెలుస్తది," అంటూ ఎవరూ అడగకుండానే పాఠం చెబుతున్నాడు. నాంచారి మోకాళ్ల మీద కూర్చుని వింటోంది.

బుల్లబ్బాయి నా వైపు వంగి, వినయం లేకుండా, మొదటిసారి మామూలు మనిషిలా అడిగాడు. "ఇక్కడ్నించి ఎలా ఆడాలండి?"

"నాకు తెలియదు," అన్నాను. "నేను చదివాను గాని ఎన్నడూ ఆడలేదు."

సంరక్షణ నావ నుంచి మనిషి వచ్చాడు. పెట్టె ఎక్కించేశారట, పోటు వస్తోందట, నన్ను చేయి పట్టుకుని తీసుకురమ్మన్నారట. చేయి అక్కరలేదని, నేనే వస్తానని, ఆట ఇంకా పూర్తి కాలేదని చెప్పి పంపాను.